వెంకటప్పయ్యగారి మాట మీద

అప్పికట్ల వెంకటప్పయ్యగారు 1955లో మొదటిసారి శాసనసభకు పోటీ చేసినప్పుడు ఆయనకు ఉపన్యాసం చెప్పడం రాదు. ఆ తర్వాత ఇరవై మూడేళ్ళు ఎమ్మెల్యేగా ఉన్నా ఆ విద్య పట్టుబడలేదు. మైకు ముందు నిలబడి రెండు ముక్కలు చెప్పి, "మిగతాది మీకు తెలిసిందే" అని దిగిపోయేవారు. జనం నవ్వేవారు. నవ్వి, ఓటు ఆయనకే వేసేవారు.

కృష్ణానది సముద్రంలో కలవబోయే ముందు పాయలుగా చీలే చోట ఆయన నియోజకవర్గం. పైన కాలవ కింద వరి పండించే ఊళ్ళు. కింద ఉప్పునేలలు, మడ అడవులు, వల మీద బతికే పాలేలు. ఆయనది పైఊళ్ళో ఒక మోస్తరు రైతు కుటుంబం. పిల్లల చదువుల కోసం బెజవాడ గాంధీనగరంలో ఇల్లు తీసుకున్నారు. భార్య రాజ్యలక్ష్మిగారు అక్కడే ఉండేవారు. ఆయన మాత్రం వారంలో సగం హైదరాబాదులో, సగం బస్సుల్లోనూ పడవల్లోనూ గడిపేవారు.

ఆయన పేరు నిలబెట్టింది ఒక అలవాటు. పని మీద ఎవరొచ్చినా సిఫారసు చేసి పంపి ఊరుకునేవారు కాదు. కండువా భుజాన వేసుకుని, "పద, నేనూ వస్తా" అనేవారు. తాలూకా ఆఫీసుకైనా, కరెంటాఫీసుకైనా, హైదరాబాదు సచివాలయానికైనా సరే. ఆఫీసరుగారు లేకపోతే వచ్చినవాళ్ళతోపాటు వరండాలో బల్ల మీద కూర్చునేవారు. ఎమ్మెల్యే బల్ల మీద కూర్చున్నాడని తెలిసి ఆఫీసరే పరుగెత్తుకొచ్చేవాడు. సభలో ఆయన గొంతు విన్నవాళ్ళు తక్కువ. పార్టీ చెయ్యెత్తమన్నప్పుడు ఎత్తేవారు, దించమన్నప్పుడు దించేవారు. అదేమిటని అడిగితే, "అక్కడ మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నార్లే. ఇక్కడ తిరిగేవాళ్ళు కావాలి" అనేవారు.

సముద్రం అంచున మడపాలెం అని ఒక ఊరుంది. అందరూ చేపలవాళ్ళే, అందరూ కతోలికులే. రోడ్డు లేదు, పడవ మీదే వెళ్ళాలి. 1962 ఎన్నికల్లో ఆయన్ని ఆ ఊరికి తన పడవలో తీసుకెళ్ళినవాడు బాలశౌరి. అప్పటికి ఇరవై ఏళ్ళవాడు. తండ్రి లేడు, తల్లి శౌరమ్మ. దారిలో పాయ పోటెత్తి పడవ ఒరిగింది. వెంకటప్పయ్యగారికి ఈత రాదు. బాలశౌరి ఒక చేత్తో తెడ్డు, ఇంకో చేత్తో ఆయన జబ్బ పట్టుకుని ఒడ్డు చేర్చాడు. ఒడ్డున పడ్డాక ఆయన అడిగిన మొదటి మాట, "మీ ఊళ్ళో ఎవరికేం ఇబ్బందిరా?"

"మా అమ్మకు కళ్ళు మసకలండి" అన్నాడు బాలశౌరి.

ఎన్నికలైన నెలకే ఆయన శౌరమ్మను బెజవాడ తీసుకొచ్చి తన ఇంట్లోనే ఉంచి, కంటి ఆపరేషన్ చేయించారు. పట్టీ విప్పే రోజున పక్కన కూర్చున్నారు. ఊరికి తిరిగొచ్చిన శౌరమ్మ కనబడ్డవాళ్ళందరికీ ఆ కథే చెప్పింది. అప్పటినుంచి మడపాలెం ఓట్లు ఎవరూ అడగనక్కర లేకుండా పోయింది. వెంకటప్పయ్యగారు ఒక మాట అంటే మడపాలెంలో అది అయిపోయినట్టే. బాలశౌరి మనిషి నెమ్మది. అయినా ఊళ్ళో మగవాళ్ళు అతను ఎటంటే అటే. అతనికి ఆలస్యంగా పెళ్ళయింది. భార్య పేరు మార్త. ఒక కొడుకు పుట్టాడు, లాజరు.

1972లో వెంకటప్పయ్యగారు నాలుగోసారి గెలిచారు. ఆయన తర్వాత సభకొచ్చినవాళ్ళు ఒక్కొక్కళ్ళే మంత్రులవుతున్నారు. పైకి ఏమీ అనేవారు కాదు గానీ, పెళ్ళిళ్ళలో ఎవరైనా "మీకెప్పుడండీ?" అని అడిగితే ఆయన ముఖం కొంచెం మారేది.

ఎమర్జెన్సీ వచ్చిన మరుసటి ఏడాది, 1976లో, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల ఒత్తిడి జిల్లాలకు దిగింది. పెద్ద పెద్ద క్యాంపులు పెట్టారు. ఆఫీసులన్నిటికీ లక్ష్యాలు పెట్టారు. అదే రోజుల్లో హైదరాబాదులో ఒక పెద్ద నాయకుడు ఆయన భుజం మీద చెయ్యేసి, "మంత్రివర్గం మారుతుంది. మీ పేరు నడుస్తోంది. మీ దగ్గర క్యాంపు బాగా జరగాలి మరి" అన్నాడు.

ఆయన ఆ మాట పట్టుకుని వచ్చారు. ఎన్నికలకు కూడా అంత తిరగలేదేమో. హైస్కూలు ఆవరణలో పందిళ్ళు వేయించారు, మంచాలు తెప్పించారు, డాక్టర్లను రప్పించారు. పైఊళ్ళ నుంచి జనం వచ్చారు. పాలేల నుంచి రాలేదు. చర్చి ఒప్పుకోదని కొందరు, సముద్రం మీదకెళ్ళే ఒంట్లో సత్తువ పోతుందని కొందరు వెనక్కి తగ్గారు. చివరి రోజున కలెక్టరుగారు, ఇంకా పెద్దవాళ్ళు వస్తున్నారు. ముందురోజు పొద్దున్నే వెంకటప్పయ్యగారు పడవెక్కి మడపాలెం వెళ్ళారు.

బాలశౌరి ఇంటి ముందు వల బాగుచేసుకుంటున్నాడు. మార్త ఇంట్లో లేదు, చేపలమ్మడానికి నాగాయలంక వెళ్ళింది. శౌరమ్మ గడపలో కూర్చుని మనవడికి అన్నం పెడుతోంది.

"బాలశౌరీ, నువ్వు రావాలి. నువ్వొస్తే మీవాళ్ళందరూ వస్తారు" అన్నారాయన.

బాలశౌరి వల కింద పెట్టాడు. "నాకు ఒక్కడే గదండీ."

"ఒక్కడైతే ఏం? బాగా చదివించుకో. వాడి చదువు, ఉద్యోగం నేను చూసుకుంటా. పదిమంది పుట్టి వల లాగేకంటే ఒక్కడు ఆఫీసరయితే మంచిది కాదూ?"

శౌరమ్మ చెయ్యి కడుక్కుంటూ, "ఫాదరుగారు వద్దన్నారు బాబూ" అంది. "అయినా ఒక్క పిల్లాడితో ఎట్టాగండీ? రోగమూ రొష్టూ ఉంటాయి గదా."

"నీ కళ్ళకు కత్తి పెడతారంటే భయపడ్డావు. ఏమైంది? ఇప్పుడు కనబడటంలా? నా మాట మీద నమ్మకం లేదా శౌరమ్మా?"

శౌరమ్మ మనవడి మూతి తుడిచింది. బాలశౌరి వల మడిచి పక్కన పెట్టాడు. తర్వాత, "మీరంతగా అంటే వస్తానండి" అన్నాడు.

మరునాడు మడపాలెం నుంచి మూడు పడవల్లో మగవాళ్ళు వచ్చారు. బాలశౌరి అందరికంటే ముందు లోపలికి వెళ్ళాడు. కలెక్టరుగారు వెంకటప్పయ్యగారి చెయ్యి పట్టుకుని ఊపారు, ఫొటోలు తీశారు.

ఆ రాత్రి గాంధీనగరంలో భోంచేస్తూ ఆయన ఇదంతా ఉత్సాహంగా చెప్పారు. రాజ్యలక్ష్మిగారు మజ్జిగ పోస్తూ, "వాళ్ళావిడ ఏమంది?" అని అడిగారు.

"ఎవరావిడ?"

"బాలశౌరి భార్యండీ. మార్త. ఆమెనడిగారా?"

"ఆమె ఊళ్ళో లేదు" అన్నారాయన. రాజ్యలక్ష్మిగారు మజ్జిగ గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళారు. ఆయనకు అన్నం సయించలేదు. అయినా పొద్దున లేచేసరికి మరిచిపోయారు.

మంత్రివర్గం మారింది. ఆయన పేరు రాలేదు.

1977 నవంబరులో ఉప్పెన వచ్చింది. ఆ శనివారం బెజవాడలోనే చెట్లు కూలాయి, రేకులు ఎగిరిపోయాయి, కరెంటు పోయింది. కింద ఏమైందో రెండు రోజుల దాకా ఎవరికీ సరిగ్గా తెలియలేదు. వెంకటప్పయ్యగారు బియ్యం లారీ ఎక్కి బయలుదేరారు. దారి పొడవునా చెట్లు, తీగలు, చచ్చిన గొడ్లు. లారీ ఆగిపోయిన చోట దిగి మోకాటిలోతు బురదలో నడిచారు. తనకు తెలిసిన ఊళ్ళు తెలిసిన చోట్ల లేవు. అరవయ్యేళ్ళు దాటిన మనిషి ఆ వారం రోజులూ ఒక చోట కూర్చోలేదు. శవాలు తీయించారు, గంజి కేంద్రాలు పెట్టించారు, బావుల్లో ఉప్పునీళ్ళు తోడించారు. ఆ రోజుల్లో ఆయన చేసిన పనిని తప్పుపట్టినవాడు లేడు.

మడపాలెం చేరడానికి పడవ దొరికేసరికి అయిదో రోజయింది. మిగిలినవాళ్ళు ఒక ఇసుక మెరక మీద తాటాకులు కప్పుకుని ఉన్నారు. బాలశౌరి ఆయన్ని చూసి లేచి నిలబడ్డాడు. ఒళ్ళంతా తుమ్మముళ్ళు గీరుకుపోయిన గాయాలు. మార్త తాటాకు కింద అటు తిరిగి పడుకుని ఉంది.

"అమ్మేది?" అన్నారు వెంకటప్పయ్యగారు.

"లేదండి."

"పిల్లాడు?"

బాలశౌరి తన రెండు చేతులూ చూసుకున్నాడు. "తుమ్మచెట్టు పట్టుకున్నామండి నేనూ మార్తా. వాణ్ణి నడుముకు కట్టుకున్నా. రెండో కెరటానికి ముడి ఊడిపోయిందండి."

వెంకటప్పయ్యగారు అతని పక్కన ఇసుకలో కూర్చున్నారు. ఏదో ఒకటి అనాలి. బయలుదేరినప్పటి నుంచి వందలమందికి ఏదో ఒకటి చెబుతూనే ఉన్నారు. ఇక్కడ ఏమీ రాలేదు. బియ్యం దింపించి వచ్చేశారు.

పది రోజుల తర్వాత బాలశౌరి బెజవాడ వచ్చి ఇంటి మెట్ల దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే వచ్చి నేల మీద కూర్చోబోయాడు. రాజ్యలక్ష్మిగారు కుర్చీ జరిపారు.

"అయ్యగారూ, కోసింది మళ్ళీ కలుపుతారంట గదండీ? క్యాంపులో కాంపౌండరు చెప్పాడు. మా మార్త ముద్ద ముట్టటం లేదు. మీరు ఒక మాట అడిగి పెట్టండి."

తప్పు ఆయన మీద వేయలేదు. గొంతు పెంచలేదు. వెనకటి మాటలు ఒక్కటీ ఎత్తలేదు. అదే ఆయనకు భరించరానిదయింది. "నేనే దగ్గరుండి చేయిస్తాను" అన్నారు.

పెద్దాసుపత్రిలో ఆ పని తెలిసిన సర్జన్ ఒకాయన ఉన్నాడని కనుక్కున్నారు. వెళ్ళి కలిశారు. సర్జన్ జనవరిలో ఒక సోమవారం రమ్మన్నాడు. "బాలశౌరీ, ముందురోజు వచ్చి మా ఇంట్లో పడుకో. పొద్దున్నే ఇద్దరం కలిసి వెళదాం. నువ్వు ఒక్కడివీ వెళ్ళొద్దు, అక్కడ నిన్ను పట్టించుకోరు" అని కబురు చేశారు.

ఆ జనవరిలోనే పార్టీ రెండుగా చీలింది. ఎన్నికలు ముంచుకొచ్చాయి. ఎటు ఉండాలో, ఎవరు టిక్కెట్టిస్తారో తెలియక ఎమ్మెల్యేలందరూ హైదరాబాదు పరుగెత్తారు. ఆ ఆదివారం మధ్యాహ్నం వెంకటప్పయ్యగారికి ఫోను వచ్చింది. రేపు పొద్దున్న జాబితా తయారవుతుంది, మనిషి ఎదురుగా లేకపోతే పేరు ఎగిరిపోతుందని. ఆయన ఫోను పెట్టేసి వరండాలో అటూ ఇటూ తిరిగారు.

"ఒక్క రోజే. మంగళవారానికి వచ్చేస్తా. సర్జనుగారికి చెప్పి రెండు రోజులు జరిపిద్దాం" అన్నారు భార్యతో.

"అతనొస్తే నేనేం చెప్పనండీ?"

"ఉండమను. వచ్చేస్తాగా."

సర్జన్‌కు ఫోను కలవలేదు. ఆయన రైలెక్కారు. ఒక రోజు కాస్తా వారమైంది. రెండు శిబిరాల చుట్టూ తిరిగి, ఎవరెవరి గుమ్మాల ముందో నిలబడి, చివరకు ఒకవైపు టిక్కెట్టు సంపాదించి వచ్చారు. బాలశౌరి నాలుగు రోజులు వాళ్ళ వరండాలో కూర్చున్నాడు. రాజ్యలక్ష్మిగారు తమ బంధువును తోడిచ్చి ఆసుపత్రికి పంపుతానంటే, "అయ్యగారు లేకుండా వద్దండమ్మా" అన్నాడు. అయిదో రోజున అన్నం తిని, కంచం కడిగి పెట్టి, మార్త ఒక్కతే ఉందని చెప్పి వెళ్ళిపోయాడు.

వెంకటప్పయ్యగారు ఆ సంగతి విని, "ఎన్నికలవగానే మొదటి పని అదే" అన్నారు.

ప్రచారానికి మడపాలెం వెళ్ళారు. ఎప్పటిలాగే పడవ వచ్చింది, నడిపింది వేరే మనిషి. ఊళ్ళోవాళ్ళు మర్యాదగా వచ్చి కూర్చున్నారు. బాలశౌరి గుడిసె తలుపు వేసి ఉంది. ఆయన మైకు పట్టుకుని, "మిగతాది మీకు తెలిసిందే" అనబోయి ఆగిపోయారు. ఆ రోజు ఏమీ చెప్పకుండానే దిగారు.

ఫిబ్రవరిలో ఓడిపోయారు. రాష్ట్రమంతా గాలి ఎదుటి పక్షం వైపే ఉందని, ఇందులో ఆయన తప్పేమీ లేదని అందరూ ఓదార్చారు. మడపాలెం పెట్టెలో ఆయన ఓట్లు చాలా తగ్గాయని లెక్కింపులో ఉన్న కుర్రాళ్ళు చెబితే, "సరేలే" అన్నారు.

ఓడిన తర్వాత సర్జన్ కోసం వెళితే ఆయన బదిలీ అయి ఎటో వెళ్ళిపోయాడు. కొత్తగా వచ్చినాయన ఈ పని చేయడు. ఇరవై మూడేళ్ళలో మొదటిసారి వెంకటప్పయ్యగారు బల్ల మీద కూర్చుంటే లోపలి నుంచి ఎవరూ రాలేదు. బంట్రోతు వచ్చి, "ఏం పని పెద్దాయనా?" అని అడిగాడు. ఆయన చెప్పారు. అతను విని వెళ్ళిపోయాడు. సాయంత్రం దాకా కూర్చున్నారు.

ఆ సర్జన్ ఎక్కడున్నాడో కనుక్కోవడానికి, కనుక్కున్నాక రోజు దొరకడానికి ఏడాది దాటింది. 1979 ఎండాకాలంలో హైదరాబాదులో ఆ ఆపరేషన్ జరిగింది. ఈసారి వెంకటప్పయ్యగారు బాలశౌరిని స్వయంగా తీసుకెళ్ళారు. రైల్లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. కొండపల్లి దాటాక, "బాలశౌరీ, ఆ జనవరిలో నేను..." అన్నారాయన.

"పోనివ్వండి" అన్నాడు బాలశౌరి, కిటికీలోంచి చూస్తూ.

ఆపరేషన్ అయ్యాక సర్జన్ బయటికొచ్చి, కలిపాను గానీ ఫలితం చెప్పలేనన్నాడు. వెంకటప్పయ్యగారు ఆయన వెనకే గది దాకా నడిచారు.

"డాక్టరుగారూ, పోయినేడు జనవరిలోనే తెచ్చి ఉంటే?"

సర్జన్ చేతులు తుడుచుకుంటూ ఆలోచించాడు. "అదీ చెప్పలేనండి. తేడా ఉండేదేమో. ఉండేది కాదేమో."

ఆ జవాబు ఆయన్ని వదల్లేదు. తప్పు పూర్తిగా తనదని తేలితే తల వంచుకునేవారు, కాదంటే ఊపిరి పీల్చుకునేవారు. రెండూ కుదరలేదు. రాజ్యలక్ష్మిగారితో ఒకసారి, "క్యాంపు సంగతి పైవాళ్ళ ఒత్తిడి అనుకోవచ్చు. ఉప్పెన ఎవరి చేతిలోనూ లేదు. ఆ ఆదివారం రైలెక్కింది మాత్రం నేనే" అన్నారు. ఆమె కాదనలేదు.

ఆ తర్వాత ఆయన నెలకోసారి మడపాలెం వెళ్ళసాగారు. అప్పటికి అక్కడ కొత్తగా కాంక్రీటు ఇళ్ళు కట్టారు. ఏదో ఒక వంక పెట్టుకుని వెళ్ళి, కుశలం అడిగి, మజ్జిగ తాగి వచ్చేవారు. బాలశౌరి సముద్రం మీదకెళ్ళి ఉంటే మార్తతో మాట్లాడి వచ్చేవారు. అయిదారు నెలలు ఇలా గడిచాయి. డిసెంబరులో ఒకనాడు వెళ్ళేసరికి మార్త ఒక్కతే ఇంటి ముందు చేపలు ఎండబెడుతోంది. పీట తెచ్చి వేసింది. కూర్చున్నాక, ఎదురుగా నిలబడింది.

"బాబుగారూ, ఒక మాటంటే ఏమనుకోరుగా?"

"అను తల్లీ."

"మీరు వచ్చినప్పుడల్లా నా మొహం చూస్తారు. ఏమైనా కబురుందా అని. మా ఆయన అడగడు. మా వాళ్ళు అడగరు. మీరు నోటితో అడగరు గానీ చూస్తారు. మీరెళ్ళాక రెండు రోజులు నాకు నిద్దర పట్టదండి."

వెంకటప్పయ్యగారు తల దించుకున్నారు.

"ఆయన్ని క్యాంపుకు తీసుకెళ్ళేనాడు కూడా నన్నెవరూ అడగలేదు. నాగాయలంక నుంచి వచ్చేసరికి వెళ్ళటానికి నిర్ణయమైపోయింది. ఇంటికొచ్చిందాన్ని, నాలుగు మాటలు అరిచి ఊరుకున్నా. కోసింది ఆయన్నే. పోయింది మా ఇద్దరిదీ గదండీ." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని మళ్ళీ నెమ్మదిగా అంది. "రావద్దనట్లేదండి. మీరు చేసిన మంచి మా అత్త చచ్చేదాకా చెప్పుకుంది. వస్తే ఊరికే రండి. దానికోసం రావద్దు."

"తప్పయిపోయింది మార్తా" అన్నారాయన. ఇరవై మూడేళ్ళ రాజకీయంలో ఆ మాట ఆయన ఎవరితోనూ అనలేదు. ఆమె ఎండుతున్న చేపల మీద వాలబోయిన కాకిని తోలి, మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్ళింది.

ఆ నెలలోనే పార్లమెంటు ఎన్నికల హడావుడి మొదలైంది. పాత పార్టీవాళ్ళు జీపులో గాంధీనగరం వచ్చారు. పాలేలలో ఆయన మాటకు ఇంకా విలువుందనీ, ఒక్కసారి చుట్టి వస్తే చాలనీ, తర్వాత అసెంబ్లీకి ఆయన పేరే అనుకుంటున్నామనీ చెప్పారు. ఆయన కాఫీలు ఇప్పించారు, అన్నీ విన్నారు.

"నా వల్ల కాదండీ" అన్నారు.

"ఒంట్లో బాలేదా?"

"ఒళ్ళు బానే ఉంది. వాళ్ళ ముందుకెళ్ళి ఏదైనా అడగాలంటే నోరు రావడం లేదు."

వాళ్ళు అది వయసు మాట అనుకుని వెళ్ళిపోయారు.

క్రిస్మస్ వెళ్ళాక ఆయన మళ్ళీ మడపాలెం వెళ్ళారు. రేవులో బాలశౌరే పడవతో ఉన్నాడు. ఎక్కించుకున్నాడు. పాయలో నీళ్ళు నిలకడగా ఉన్నాయి. చేపల ధరల గురించి, కొత్త ఇళ్ళ గోడలు చెమ్మ ఎక్కుతున్నాయని, ఈ ఏడు చలి ఎక్కువగా ఉందని మాట్లాడుకున్నారు. ఇంటి దగ్గర మార్త పీట వేసింది. ఆయన ఈసారి ఆమె ముఖం వైపు చూడకుండా, దూరంగా ఆరేసిన వలల వైపు చూస్తూ కూర్చున్నారు. చీకటి పడకముందే లేచారు.

తిరిగి రేవులో దింపుతున్నప్పుడు పాత అలవాటు కొద్దీ అడిగారు. "ఏమైనా కావాలా బాలశౌరీ?"

"ఏం వద్దండి. జాగ్రత్తగా దిగండి, ఇక్కడ బురదగా ఉంది" అంటూ బాలశౌరి ఆయన జబ్బ పట్టుకున్నాడు.

వెంకటప్పయ్యగారు గట్టెక్కి బస్సు కోసం నిలబడ్డారు. బస్సు ఆలస్యంగా వచ్చింది. అప్పటికి పడవ మలుపు తిరిగిపోయింది.